జీలుగ తొక్కిన చెరువు

రేపల్లె దిగువన మా పొలం ఉప్పు తేలి వరి పండటం మానేసింది. తొంభైల మొదట్లో దాన్ని చేపల చెరువుగా తవ్వించాం. ఇది కూడా పోతే నేనూ మా ఆయనా మళ్ళీ కూలికి వెళ్ళాల్సిందే.

నేను పుట్టింది నందివెలుగులో. వరి తప్ప ఇంకో సేద్యం తెలియదు. నాట్లకు ముందు పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ పెంచి, నీళ్ళు పెట్టి, మడిలో తొక్కితే ఆ ఏడు పంట బలంగా వస్తుంది. చెరువుకూ అంతే అనుకున్నాను. అడుగున జీలుగ చల్లించాను. నడుమెత్తు పెరిగాక మాకు కాలువ నీళ్ళ వంతు వచ్చింది. నీళ్ళు పెట్టి ఇద్దరం తొక్కాం. ఆలోచన నాది. మా ఆయన వద్దనలేదు, ఆయనదీ వరి బుద్ధే.

నాలుగో రోజుకు నీళ్ళు డికాషన్ రంగుకు తిరిగాయి. బాపట్లలో నీళ్ళు పరీక్ష చేసే సార్ ఉన్నాడంటే గాజు సీసా నింపుకుని బస్సెక్కాను. సాయంత్రానికి ఆయన కాగితం ఇచ్చాడు. నేను నలభై దాటాక, మా ఊళ్ళో పెద్దవాళ్ళకు రాత్రి బడి పెట్టిన రోజుల్లో అక్షరాలు నేర్చుకున్నదాన్ని. బస్సులో కూడబలుక్కుని నా అంతట నేను చదివిన మొదటి కాగితం అదే. అమ్మోనియా లేదు అని ఉంది. చేపల్ని చంపేది అదేనని సార్ ముందే చెప్పాడు.

ఇంటికొచ్చి, చెరువులో చేప పిల్లల్ని వదిలేద్దామన్నాను. మా ఆయన గట్టు మీద కూర్చుని దోసెడు నీళ్ళు తీసి వాసన చూశాడు.

"ఇంకో పది రోజులు ఆగుదామే. ఆకు ఇంకా మాగలా."

"నీ ముక్కు గొప్పదా, కాగితం గొప్పదా? లేదని రాసుందయ్యా ఇక్కడ."

"పలక పట్టి ఆరు నెలలు కాలా, అప్పుడే పంతులమ్మవైపోయావు," అన్నాడు. అన్నాడే గానీ నా మాటే వినేశాడు. బొచ్చె, శీలావతి పిల్లల్ని తెచ్చి వదిలాం.

వారం తిరక్కుండా ఒక పొద్దున్నే పిల్లలన్నీ పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. నీళ్ళలో గాలి కలవాలని మా ఆయన తాటిమట్టతో కొట్టడం మొదలుపెట్టాడు. నేను మళ్ళీ సీసా పట్టుకుని బాపట్ల పరిగెత్తాను. ఈసారి అమ్మోనియా ఉంది, బాగా ఉంది. కాగితం తప్పు రాశారని సార్‌తో పోట్లాడాను. ఆయన కోప్పడలేదు.

"ఆ రోజు అమ్మోనియా లేదమ్మా. రాసింది నిజమే."

"మరి అప్పుడెక్కడుందండి ఇది?"

"నీళ్ళలోనే ఉంది."

ఆకులో ఉన్న నత్రజని ముందు ఆకు రసంలాగే నీళ్ళలో కరుగుతుందట. ఆ రంగు దానిదే. అలా ఉన్నంతసేపు ఈ పరీక్షకు దొరకదట. కంటికి కనపడని పురుగులు దాన్ని తిని విరిచాకే అమ్మోనియా అయ్యేది. ఆ పురుగులే నీళ్ళలో గాలి కూడా పీల్చేస్తాయట. వరి మడిలో అయితే ఆ అమ్మోనియాను వేళ్ళు తాగేస్తాయి. నా చెరువులో వేళ్ళెక్కడివి?

ఏం చెయ్యాలని అడిగాను. సగం నీళ్ళు తోడేసి కొత్త నీళ్ళు పెట్టమన్నాడు. మాది కాలువ చివరి భూమి, వంతు రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఆ మాట ఆయనకు చెప్పాను. ఖాళీ సీసా తీసుకుని బస్సెక్కాను.

నేను తిరిగొచ్చేసరికి మా ఆయన ఇంకా నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. నేనూ ఇంకో మట్ట తీసుకున్నాను. కొట్టిన చోట కాసేపు తేరుకునేవి, పక్కకు వెళ్ళగానే వెల్లకిలా పడేవి. మూడో రోజుకు కొట్టడానికి ఏమీ మిగల్లేదు.

వంతు వచ్చి, పోయింది. ఆ తర్వాత ఒక నెలకు చెరువు లేత పచ్చగా తిరిగింది. చేపలకు ఇంతకంటే మేలైన నీళ్ళు ఉండవని చూసినవాళ్ళంతా అన్నారు. ఆకులో బలమంతా అప్పుడు అందివచ్చింది. ఆ ఏటికి చేప పిల్లలు దొరికే అదను అప్పటికే దాటిపోయింది.

కూలికి వెళ్తూ ఒక పొద్దున మా ఆయన గట్టు దగ్గర ఆగాడు. వంగి దోసెడు నీళ్ళు తీసి వాసన చూశాడు.

"ఇప్పుడు మాగిందే ఆకు," అన్నాడు.

నేను అన్నం క్యారేజీ ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని ముందుకు నడిచాను.