ఎవరూ కూర్చోని మూల

ఉద్యోగం వచ్చిన కొత్తలో, తనకు తెలియనిది లోకంలో ఏదీ ఉండకూడదనిపిస్తుంది మనిషికి. ఆ రోజుల్లో నాకూ అదే జబ్బు. కారంపూడి అవతల మా ఊళ్లో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరానో లేదో, జిల్లా చర్చిలన్నిటినీ చూసే సూపరింటెండెంట్ వస్తున్న మా మెథడిస్టు చర్చి వార్షికోత్సవంలో సంఘ చరిత్ర చెప్పే పని పాస్టరుగారు నాకు అప్పగించారు. "ఆడపిల్లకేం తెలుసయ్యా చరిత్ర? సూపరింటెండెంట్ అయ్యగారి ముందు మన పరువు పోద్ది" అని సంఘపెద్ద అడ్డం పడ్డాడు. అంతకుముందు ఆడవాళ్లెవరూ అక్కడ ముందు నిలబడి మాట్లాడలేదు. ఇక చూడాలి నా పట్టుదల!

చిన్నప్పటి నుంచీ నన్ను తొలిచేస్తున్న ప్రశ్న ఒకటుంది. క్రిస్మస్‌కి జనం గుమ్మం దాకా కిక్కిరిసినా, మా చర్చిలో వేదిక పక్క మూల మాత్రం ఖాళీగానే ఉంటుంది. అక్కడ ఎవరూ చాప వెయ్యరు. ఎందుకని? ఇల్లిల్లూ తిరిగి అడిగాను. మిషను దొరసాని మోకరించిన చోటని మేనత్త చెప్పింది. తాచుపాము కనబడిందని బాబాయి చెప్పాడు. "ఏమోనమ్మా, మా నాయన కూసోలా, నేనూ కూసోలా" అన్నాడు సంఘపెద్ద. (చరిత్ర రాసేవాళ్లకు ఇలాంటి సాక్షి దొరక్కూడదు.) నాకు దొరసానే నచ్చింది. పాము గురించి మైకులో ఏం చెబుతాం?

వార్షికోత్సవం ఆదివారం నాడు "దొరసానమ్మ కన్నీటితో ప్రార్థించిన ఈ పవిత్ర స్థలంలో" అంటూ గొంతు వణికించి, సూపరింటెండెంట్ అయ్యగారిని నేనే తీసుకెళ్లి ఆ మూల కుర్చీ వేసి కూర్చోబెట్టాను. పొద్దుటి నుంచీ మబ్బు పట్టే ఉంది గాని, మా పల్నాడులో మబ్బును ఎవరు నమ్ముతారు? రెండో కాగితం తిప్పేసరికి కుండపోతగా వాన. వెనక నుంచి నాయనమ్మ లేచింది. "ఏమే, అయ్యగారిని ఆడ కూసోబెట్టావేందే! ఆ మూల కారుద్ది!" ఆ మాట పూర్తికాకముందే స్లాబు నుంచి ధార కట్టి అయ్యగారి నెత్తిన పడింది.

ఆయన కళ్లజోడు తుడుచుకుంటూ "నీకెలా తెలుసమ్మా?" అని అడిగారు.

"గడ్డికప్పు నాటి నుంచీ అంతేనయ్యా. మా ఇంటాయన తడిసి పక్కకి జరిగాడు. ఆయన్ని చూసి అందరూ జరిగారు. మనకి వాన పడేదే తక్కువ గదా, కారేది మరిచిపోయారు, జరగటం మాత్రం మరవలా. స్లాబేసినాక కూడా నీళ్లు ఆడికే వస్తన్నయ్."

"నాకెందుకు చెప్పలేదే?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఊరంతా తిరిగావు. ఇంట్లో నన్నడిగావా?"

అందరికంటే ముందు నవ్వింది సంఘపెద్దే. అయ్యగారు కుర్చీ ఇవతలికి లాక్కుని, "మిగతా చరిత్ర ఈ అమ్మని చెప్పమనండి" అన్నారు. నా కాగితాలు మడిచేశాను. వాన వెలిసేదాకా నాయనమ్మ చెప్పింది. సిగ్గు మరిచిపోయి నేనూ కిందనే కూర్చుని నోరు తెరుచుకుని విన్నాను. అన్ని కబుర్లు పక్క మంచంలోనే ఉన్నాయని నాకేం తెలుసు?

ఇప్పుడు నాయనమ్మ లేదు. స్లాబు బాగుచేయించారు, చుక్క కారదు. మొన్న ఊరెళ్తే ఆ మూల ఇంకా ఖాళీగానే ఉంది. పక్కనున్న సండే స్కూలు పిల్లని ఎందుకని అడిగాను.

"ఆడ కూసోకూడదాంటీ. ఎప్పుడో ఒక టీచరు పెద్దయ్యగారిని తడిపేసిందంట."

"ఎవరా టీచరు?"

"ఏమో! చానా చదువుకుందంట, పాపం."

అది నేనేనని చెప్పబోయి ఆగిపోయాను. నాయనమ్మ ఉంటే ఎంత నవ్వేదో! చాప కాస్త ఇవతలికి లాక్కుని కూర్చున్నాను.