ఎవలకెల్లి కోసియ్యాలె?

గోదావరిఖని చౌరస్తాలో కొత్తగా సిగ్నల్ లైట్లు పెట్టినప్పుడు, ఏ రోడ్డుకు ఎంతసేపు పచ్చ వెలగాలో తేల్చే పని కాలేజీ లెక్కల సారు మీద పడింది. నాలుగు దిక్కులా జనం ఆగే సమయమంతా కలిపితే వీలైనంత తగ్గాలన్నది ఆయన లెక్క. మా బట్టల దుకాణం బెంచీ మీద కూర్చుని రోడ్డు చూసేవారు. తమ రోడ్డుకు పచ్చ పెంచమని ఎవరొచ్చినా కాదనేవారు కాదు. రెండు వేళ్లను కత్తెరలా ఆడించి, "ఇస్త. ఎవలకెల్లి కోసియ్యాలె?" అని నవ్వేవారు. ఒక రోడ్డుకు పెంచితే ఇంకో రోడ్డుకు తగ్గాల్సిందే కదా. వచ్చినవాళ్లు తల గోక్కుంటూ పోయేవారు.

ఎర్ర లైటుకు ఆగినవాళ్లు మా చీరలకేసి చూడటం నేను కనిపెట్టాను. "సార్, మాకు పచ్చ వద్దు. ఎరుపు పెంచుండ్రి" అన్నాను, నా తెలివికి నేనే మురిసిపోతూ.

సారు నన్నొకసారి ఎగాదిగా చూసి, బొగ్గుబాయిలో షిఫ్టుకు పోతూ లైటు దగ్గర ఆగిన సైకిలాయనను పిలిచారు. "కాకా, ఇంకింతసేపు ఆగుతవా? సేటు చీరలు చూపిస్తడట."

"లేటయిందని నన్ను బాయి మీదికెల్లి వాపస్ పంపితె, ఆ చీర సేటే కట్టుకోవాలె" అన్నాడు కాక.

షిఫ్టు వేళ మా రోడ్డుకు పచ్చే పెరిగింది.

పండుగ ముందు ఆ కాకే భార్యతో వచ్చాడు. "ఇయ్యాల డ్యూటీ లేదు సేటూ, ఎంతసేపైన ఆగుత. చూపియ్."

ఆమె నాకంటే గట్టి బేరగత్తె. ధర తగ్గిస్తూ తగ్గిస్తూ నేను చెమటలు తుడుచుకుంటుంటే, బెంచీ మీద సారు వేళ్ల కత్తెర ఆడింది.

"ఎవలకెల్లి కోస్తున్నవ్ సేటూ?"

"నాకెల్లే సార్."