జునిపర్ నిచ్చెన

1991 ఏప్రిల్ పన్నెండు. తేట ఎండ, సముద్రం మీది నుంచి ఉప్పుగాలి. సార్డీనియా దీవిలో, బౌనేయి ఊరికి పైనున్న కాలిబాటలో, నిట్టనిలువు బండకు జునిపర్ దుంగల నిచ్చెన ఒకటి ఆనించి ఉంది. మేకలు కాసే బొనారియా అనే ఆవిడ తండ్రి దాన్ని కట్టాడు. ఏటేటా దుంగలు మార్చేది ఆమె. (జునిపర్ మొండి చెట్టు, కొందరు మనుషుల్లాగే ఎండేకొద్దీ గట్టిపడుతుంది.) నగరం నుంచి వచ్చిన ఇంజనీరు దాన్ని తీయించి ఇనుప నిచ్చెన వేయిస్తానన్నాడు.

"ఇది విరిగితే ఎవరిదమ్మా పూచీ?"

"ఇనుము లోలోపల తుప్పుపట్టి చెప్పకుండా విరుగుద్ది నాయనా. కర్రయితే ముందే కిర్రుమంటది. చెవులు బాగానే ఉన్నాయిగా నీకు?"

మేకపిల్లను భుజాన వేసుకుని ఆమె ఎక్కింది. అతను వెనకే ఎక్కాడు. నాలుగో దుంగ కిర్రుమంది, అతను బిగుసుకుపోయాడు.

"చెప్పిందా? పక్కకు కాలెయ్యి. సాయంత్రానికి మార్చేస్తా."

మార్చింది కూడా. అతను చూసి, నిచ్చెనను ఉంచమని రాసి వెళ్ళాడు.

పదిహేనేళ్ళకు అతనికి ఆమె ఉత్తరం వచ్చింది: "ఇంజనీరు గారికి, నా మోకాళ్ళు అరిగిపోయాయి. ఈ ఏడాది దుంగలు మా అన్న కూతురు గ్రాత్సియా మార్చింది. రెండు నచ్చక మళ్ళీ వేయించాను. మే నెలలో పిల్లలతో రండి. బాట తెరిచే ఉంది."