జెనీవా సంతకం, శాలిబండ పాలకుండ

మొన్న ఉదయం మా వీధి కాలువలో బ్లీచింగ్ పౌడర్ చల్లారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే అంజయ్య సారు గుర్తొచ్చారు. శాలిబండలో నేను పంతులమ్మగా చేరిన బడికి ఆయన హెడ్మాస్టరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులో ఆసుపత్రి పని చేసి, విషవాయువు పీల్చిన సిపాయిలు ఊపిరాడక కొట్టుకోవడం కళ్ళారా చూసిన మనిషి. ఆ వాయువు వాసన కూడా ఇదేనట. బడిలో ఆ పొడి చల్లనిచ్చేవారు కాదు. చాదస్తమనుకునేదాన్ని.

యుద్ధంలో విషవాయువులు, రోగక్రిములు వాడబోమని దేశాలు జెనీవాలో చేసుకున్న ఒప్పందం గురించి ఏటా ఆయనే పాఠం చెప్పేవారు. ఆ రోజు ఇస్త్రీ షేర్వాణీ వేసుకొచ్చేవారు. ఒక ఏడు, సంతకం పెట్టిన ఇటలీయే అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీద విమానాలతో విషం కురిపించిందని వార్త వచ్చింది. లెక్కల మాస్టరు నవ్వాడు.

"ఏంది సార్, ఒట్టు పెట్టినోడే పోసిండట గద! ఇంకా గా పాఠమెందుకు?"

సారు సుద్దముక్క తీసుకుని క్లాసుకు వెళ్ళారు. "మా బాపు పాలమ్మెటోళ్ళ పెద్ద. పాలల్ల నీళ్ళు కలపబోమని అందరు కుండ మీద చెయ్యి వెట్టి ఒట్టేస్తుండె. గంతటితోని బాపు ఊకోకపోతుండె. చెప్పకుండ ఎవరింటికన్న పొయ్యి పాలు చూస్తుండె. మా కుండ సుత మందికి చూపిస్తుండె. జెనీవాల ఒట్టు పెట్టిన్రు గని, కుండ చూసెటోన్ని పెట్టలే. విషం వాడొద్దన్నరు, ఉంచుకోవద్దనలే" అని పిల్లలకు చెప్పారు.

మళ్ళీ యుద్ధం వచ్చింది. సారు ఒక్కగానొక్క కొడుకు యాదగిరి పటాలంలో చేరాడు. సారు ముఖం పీక్కుపోయింది.

"ఫికర్ చెయ్యకుండ్రి సారూ, ఒప్పందముంది గద" అన్నాను.

"ఉన్నది బిడ్డా. విషం కుండలు సుత నిండుగనే ఉన్నయి."

యుద్ధం ముగిశాక యాదగిరి క్షేమంగా వచ్చాడు. గల్లీ అంతా చూస్తుండగా సారు కొడుకును వాటేసుకోలేదు. వాడి ఛాతీకి చెవి ఆనించి, ఊపిరి విన్నారు. "సాఫ్ ఉన్నది" అని, అప్పుడు ఏడ్చారు. నాకూ ఏడుపు ఆగలేదు.

మరుసటి ఏడూ అదే పాఠం చెప్పారు. "నా కొడుకు నసీబు మంచిగుండె. అందరు నసీబు మీద బతుకుడెట్ల?" అన్నారు.

సారు పోయిన చాలా ఏళ్ళకు రేడియోలో విన్నాను. రసాయన ఆయుధాలు చేయకూడదు, దాచకూడదు, తనిఖీకి మనుషులు వెళ్తారు అని కొత్త ఒప్పందం కుదిరిందట. "సారూ, కుండ చూసెటోళ్ళను పెట్టిన్రు" అని పైకే అన్నాను.

ఇప్పటికీ నా ముందు ఎవరైనా ఒట్టేస్తే సంతోషిస్తాను, ఆపైన కుండ చూపించమంటాను. నాది ఉత్త అనుమానమని మా కోడలి గొడవ. కొడుకు ఛాతీకి చెవి ఆనించి నిలబడ్డ ఆ తండ్రిని తను చూడలేదు.