వదిన చేతికి సరిపోయే ఫోను

మా ఇంట్లో ఫోన్ల వ్యవహారాలకి పెద్దమనిషిని నేను. ఇందులో నా గొప్పేమీ లేదు. ఏడాది తిరిగేసరికి ఫోను మార్చకపోతే నాకు ఏమీ తోచదు, అంతే. ఈ జబ్బుని మావాళ్ళు పరిజ్ఞానం అనుకుంటారు. వాళ్ళ నమ్మకాన్ని నేనెందుకు చెడగొట్టాలి? అందుకే మా వదిన తన ఫోను తెచ్చి నా ముందు పెట్టినప్పుడు పేరున్న డాక్టరులా కుర్చీలో వెనక్కి వాలాను.

"ఏమైందో చూడు," అంది.

ఫోను వెనక అట్ట ఉబ్బి ఉంది. లోపల బ్యాటరీ పొంగింది. అది మార్పించుకోవచ్చు. అసలు రోగం తెరమీద ఉంది. వచ్చే నెల నుంచి ఈ ఫోనులో వీడియో కాల్ పనిచేయదు, కొత్త ఫోను తీసుకోండి అని చాలా మర్యాదగా రాసి ఉంది. ఇంకెవరైనా అయితే "వీడియో లేకపోతే ఏం, మామూలుగా మాట్లాడుకోండి" అనేసేవాణ్ణి. వదినతో ఆ మాట అనలేను. ఆమె కూతురికి పుట్టుకతోనే వినబడదు.

ఆ సంగతి పిల్లకి రెండో ఏడు నడుస్తుండగా బయటపడింది. ఇల్లంతా తలపట్టుకుని కూర్చుంటే వదిన ఒక్కతే లేచి, సైగల భాష నేర్పే క్లాసు ఎక్కడుందో కనుక్కుని చేరిపోయింది. అక్కడ నేర్చుకున్నది రాత్రికి మాకు నేర్పేది. మా అన్నయ్య చేతులు మరీ మొద్దు. ఆకలేస్తోందా అని అడగబోయి ఏనుగొచ్చిందా అని అడిగేవాడు. పిల్ల పడీపడీ నవ్వేది. కాస్త పెద్దయ్యాక మా ఒక్కొక్కరికీ సైగల్లో ఒక పేరు పెట్టింది. నా పేరు అరచేతి మీద బొటనవేలిని పైకీ కిందకీ జరపడం, అంటే ఎప్పుడూ ఫోను చూసుకునేవాడని. నాకు కోపం రాలేదని చెప్పను.

ఇప్పుడా పిల్ల వేరే ఊళ్ళో, కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేస్తోంది. వెళ్ళి మూడేళ్ళయింది. మైనంతో పన్ను చెక్కడంలో దానికి మంచి పేరుందట. అప్పట్నుంచీ ఎవరిని చూసినా ముందు పళ్ళు చూస్తుంది. సెలవులకి వచ్చినప్పుడల్లా నా ముందుపన్ను పక్కదాని మీదికి ఎక్కిందని వేలుపెట్టి మరీ చూపిస్తుంది.

వదిన పని ఆసుపత్రిలో, బట్టల గదిలో. దుప్పట్లు, దిండు గలీబులు, రోగుల గౌన్లు ఉతుకులయి వచ్చాక చిరుగులు వెతికి కుట్టి, మడతలు పెట్టి వార్డులకి పంపించాలి. మనిషి చిన్నది, చేతులు ఇంకా చిన్నవి. ఆసుపత్రిలో దొరికే అన్నిటికన్నా చిన్న గ్లవ్సు కూడా ఆమె వేళ్ళకి వదులే. సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికి వచ్చీ రాగానే కూతురికి వీడియో చేస్తుంది. ఎడమచేతిలో ఫోను, కుడిచేత్తో మాటలు. గరిటె కింద పెట్టి ఒక మాట, గరిటె తీసుకుని ఒక తిప్పు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వీధిలో తవ్విన గుంత చూపిస్తుంది. కుండీలో చిగురు చూపిస్తుంది. అన్నయ్య సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే అదీ చూపిస్తుంది. ఆ తిరుగుడంతా చిన్న ఫోను కాబట్టి సాగింది.

"ఇవన్నీ ఎందుకు వదినా, రాసి పంపుకోవచ్చుగా," అన్నాను ఒకసారి.

"రాతకి మొహం ఉండదు. అదెప్పుడూ బాగున్నాననే రాస్తుంది. చేతులు చూస్తే తెలిసిపోతుంది నాకు, బాగుందో లేదో," అంది.

ఇదీ సంగతి. నెలాఖరులోగా కొత్త ఫోను రాకపోతే తల్లికి కూతురి చేతులు కనబడవు. వదిన పెట్టిన షరతు ఒక్కటే. "నా చేతిలో పట్టాలి. ఇంకేమీ అక్కర్లేదు."

ఇదెంత పని అనుకున్నాను.

మొదటి షాపులో బల్లమీద ఫోన్లు వరసగా పడుకుని ఉన్నాయి. ఒక్కోటి ఒకటో తరగతి పిల్లల పలకంత ఉంది. నేను ఇన్నేళ్ళుగా ఇలాంటివే కొంటున్నా అవి ఇంత పెరిగాయని వదిన చేతిలో చూసేదాకా తెలియలేదు. ఆమె ఒకదాన్ని ఎడమచేత్తో పట్టుకుని, గాల్లోకి కుడిచేత్తో నాలుగు మాటలు మాట్లాడింది. ఆమె పరీక్ష అదే. మూడో మాటకే ఫోను జారింది. కౌంటరులో ఉన్నావిడ పట్టుకోవడానికి రెండు చేతులూ చాపింది. ఫోనుకి దొంగల భయంతో కట్టిన తీగ ఉంది కాబట్టి నేల తాకకుండా వేలాడింది.

"ఇంతకన్నా చిన్నవి లేవా అండీ?" అంది వదిన.

"ఇదే చిన్నది మేడమ్. చిన్నవి ఎవరూ అడగట్లేదని కంపెనీలు మానేశాయి."

"నేను అడుగుతున్నానుగా."

ఆవిడ ఇబ్బందిగా నవ్వి, పోయినేటి మోడలు, ఈ ఏటి మోడలు పక్కపక్కన పెట్టింది. రెండూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఈ ఏటిదాని ధర మాత్రం బాగా పైన ఉంది. తేడా ఏమిటని వదిన అడిగింది. కెమెరా ఇంకొంచెం బాగా వస్తుందనీ, అంచులు కాస్త గుండ్రం చేశారనీ, ఈ రంగు ఇదివరకు లేదనీ ఆవిడ చెప్పింది. వదిన నావైపు తిరిగింది.

"నువ్వు మొన్నే మార్చావుగా. నీ పాతదానికీ దీనికీ తేడా ఏంటి?"

"వేగం పెరిగింది," అన్నాను.

"దేంట్లో?"

ఇంకో షాపుకి వెళదాం పదమని మాట మార్చాను.

ఆ వారమంతా అదే తిరుగుడు. రిపేరు షాపతను బ్యాటరీ మారుస్తానన్నాడు గానీ వీడియో సంగతి తన చేతిలో లేదన్నాడు. వాడేసిన చిన్న ఫోన్లు అమ్మే చోటికి వెళితే వాటికీ ఇదే గతి. ఫోను వెనక ఉంగరం అతికించుకుని వేలు దూర్చి పట్టుకుంటే సరిపోతుందని నేను సలహా ఇచ్చాను. వదిన నా ఫోనుకే ఉంగరం అతికించి ఒక సాయంత్రం వాడి చూసింది. పగలంతా దుప్పట్లు మడిచిన చెయ్యి కదా, ఆ బరువుకి వేలు తిమ్మిరెక్కి వదిలేసింది. నాకు విసుగొచ్చింది.

"వదినా, ఓ స్టాండు కొందాం. ఎంత పెద్ద ఫోనైనా దానిమీద పెట్టి ఎదురుగా కూర్చుని మాట్లాడుకో. గొడవ వదిలిపోతుంది," అన్నాను.

వదినకి నామీద కోపం రావడం అరుదు. ఆ రోజు వచ్చింది.

"చుట్టాలొస్తే కదా అలా ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడేది. అది ఇంటిపిల్ల. ఇంటిపిల్లని వెంట తిప్పుకుంటాం. అలా ఓ మూల కూర్చోబెట్టావంటే నాలుగు రోజులకి అది చుట్టమైపోతుంది."

ఆమె భయం అదని అప్పటిదాకా నాకు తెలియదు. చేతిలో పట్టే ఫోను కోసం ఆమె ఎందుకంత మొండికేసిందో తెలిశాక నా విసుగు నాకే సిగ్గనిపించింది. ఆదివారం పూట ఊళ్ళో అన్నిటికన్నా పెద్ద షాపుకి నేనే తీసుకెళ్ళాను.

అక్కడ దొరికింది. మధ్యకి మడతపడే ఫోను. మూసేస్తే అద్దమున్న చిన్న పొడరు డబ్బా అంత అవుతుంది, పైన చిన్న తెర ఉంటుంది, వీడియో అందులోనే వస్తుంది. వదిన పరీక్ష పెట్టింది. ఎడమచేయి అలా మూసుకుని ఉండిపోయింది, కుడిచేయి గాల్లో గడగడా మాట్లాడేసింది, ఫోను కదల్లేదు. వదిన మొహం విప్పారింది. ధర చూశాక నా మొహం మాడింది. ఏడాదికో ఫోను తగలేసే నేనే అలాంటి దాని జోలికి పోలేదు.

"కుట్టుమిషను వచ్చే ఏడు మార్చుకుంటాలే," అంది వదిన. ఇంటిదగ్గర బయటివాళ్ళ బట్టలు కుట్టడానికని కొనదలచిన మిషను అది. ఆ మాట ఆమె పోయిన ఏడు కూడా అంది.

"ముందు పిల్లకో మాట చెప్పు. చెప్పకుండా కొంటే మనిద్దర్నీ ఉతికి ఆరేస్తుంది," అన్నాను.

ఆ ఉబ్బిన పాత ఫోనులోనే వదిన వీడియో కలిపింది. పిల్ల ల్యాబులోనే ఉంది, ఆదివారం కూడా అర్జెంటు పళ్ళేవో ఉన్నాయట. తెల్లకోటు మీద మైనం పొడి. ఫోనుని బల్లమీద దేనికో ఆనించి, రెండు చేతులూ ఊపుతూ ఏమిటని అడిగింది. నేను వదిన భుజం మీదుగా చూస్తున్నాను. వదిన మడతఫోను చూపించి, కౌంటరులో ఉన్న అమ్మాయికి తిరిగిచ్చేసింది. ఎంత అని అడిగింది పిల్ల. వదిన సగం ధర చెప్పింది. పిల్ల నా మొహం చూసింది. నా మొహం అబద్ధం మోయలేదు, దానికి ఆ సంగతి తెలుసు.

ఆ తరువాత వాళ్ళిద్దరూ చేతులతో అనుకున్న మాటలు నాకు అర్థమైనంతలో ఇవి.

"అంత పోసి అంత చిన్నది ఎందుకమ్మా?"

"చేతిలో పట్టుకోవద్దూ? లేకపోతే నిన్ను ఇల్లంతా ఎలా తిప్పను?"

పిల్ల వేళ్ళకంటిన మైనాన్ని కోటుకి తుడుచుకుంది.

"ఇల్లు నాకు తెలుసమ్మా. ఏ గోడకి ఏ మేకుందో తెలుసు. నీ ఎడమచెయ్యే కనబడట్లేదు. సగం మాటలు నేనే ఊహించుకుంటున్నాను."

వదిన అడిగింది, "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఇల్లు చూపిస్తుంటే నువ్వు సంతోషంగా ఉంటావు. ఎలా చెప్పను? నా పేరు కూడా సగమే పిలుస్తున్నావు."

బడి రికార్డుల్లో, జీతం కాగితాల్లో పిల్లకి ఒక పేరుంది గానీ అది దానికి ఎప్పుడూ వినబడలేదు. దానికి తెలిసిన పేరు వదిన పెట్టింది. ఎడమచేతిని మడిచి ఒడిలా పట్టి, కుడిచేత్తో ఆ ఒడిలో రెండుసార్లు జోకొట్టాలి. అదే పిల్ల పేరు. ఎడమచేతిలో ఫోను ఉంటే ఆ ఒడి లేదు. ఈ మూడేళ్ళూ వదిన గాలిని జోకొడుతోంది. ఎన్నో సాయంత్రాలు నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. నా కంటికీ ఆనలేదు.

"ఇది పట్టుకో," అని వదిన ఫోను నా చేతిలో పెట్టింది.

తెర ఆమెకి కనబడేలా పట్టుకుని నిలబడ్డాను. ఇప్పుడు పిల్ల నాకు కనబడదు, వదిన ఒక్కతే కనబడుతుంది. ఆమె సంచీ తీసి కౌంటరు మీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసింది. ఎడమచేతిని మడిచింది. కుడిచేత్తో మెల్లగా రెండుసార్లు జోకొట్టింది. తెరవైపు చూసి, మళ్ళీ జోకొట్టింది.

"మళ్ళీ పిలవమంటోంది," అని నాకు చెప్పి ఇంకోసారి పిలిచింది. ఆమె కళ్ళు నిండిపోయాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఫోను కదలకుండా ఉండాలని రెండు చేతులతో బిగించి పట్టుకున్నాను.

కౌంటరులో మడతఫోను పట్టుకుని ఎదురుచూస్తున్న అమ్మాయి నన్ను గుసగుసగా అడిగింది, "మేడమ్ ఏమంటున్నారు సార్?"

"కూతుర్ని పిలుస్తోందండీ," అన్నాను.

ఆ అమ్మాయి మడతఫోనుని తీసుకెళ్ళి అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి వచ్చింది. ఇక చేతిలో పట్టాల్సిన పని లేదు కాబట్టి మేము పోయినేటి మోడళ్ళలో ఒక మామూలుది, పలకంతది, తీసుకున్నాం. రంగు కూడా వదిన చూడలేదు.

ఆ సాయంత్రమే దాన్ని భోజనాల బల్లమీద నీళ్ళసీసాకి ఆనించి పెట్టాను. వదిన కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. మొదట్లో ఎడమచెయ్యి ఇంకా ఫోను పట్టుకున్నట్టే వేళ్ళు ముడుచుకుని ఉంది. పిల్ల ఏదో అని నవ్వించాక ఆ వేళ్ళు విచ్చుకున్నాయి. ఎప్పుడూ దూరం నుంచి చెయ్యి ఊపి పోయే మా అన్నయ్య ఈసారి ఆ పెద్ద తెరలో తనకీ చోటుందని చూసుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆసుపత్రి కబుర్లు, ల్యాబు కబుర్లు, ఎవరికో కట్టుడుపళ్ళు సరిగ్గా అమరని కథ, అన్నీ రెండేసి చేతులతో నడుస్తున్నాయి.

ఇంతలో వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. వదిన ఇన్నేళ్ళ కాపురంలో పొయ్యిమీద పెట్టింది మరిచిపోవడం నేనెరగను. వెళ్ళి చూస్తే పాలు పొంగి పొయ్యంతా పారుతున్నాయి. కట్టేసి గుమ్మంలోకి వచ్చి, "వదినా, పాలు," అన్నాను. ఆమె వెనక్కి తిరగలేదు. ఎడమచెయ్యి మడుచుకుని ఉంది, కుడిచెయ్యి జోకొడుతోంది.