ఒక్క సర్వీసు ఆలస్యమైంది

మా పాపకు రెండున్నరేళ్లప్పుడు చెవికి ఆపరేషన్ చేసి లోపల మిషను పెట్టారు. బయట తల మీద అయస్కాంతంతో అంటుకుని ఉండే బిళ్ల ఒకటి, చెవి వెనక తగిలించే చిన్న మిషను ఒకటి. ఆపరేషన్‌తో శబ్దం అందుతుంది కానీ దాన్ని వినడం నేర్పాలని డాక్టరు చెప్పారు. అందుకని వారానికి రెండుసార్లు పాపను అద్దంకి నుంచి గుంటూరు బ్రాడీపేటలో ఉన్న థెరపీ సెంటరుకు తీసుకెళ్లేదాన్ని. మొదటి నాలుగు నెలలూ బస్సులోనే వెళ్లాం. రద్దీలో ఎవరి మోచెయ్యి తగిలినా బిళ్ల ఊడిపోయేది. ఒకసారి చిలకలూరిపేట దగ్గర అది సీట్ల కిందకు దొర్లిపోతే, కండక్టరు బస్సు ఆపించాడు, జనమంతా వంగి వెతికారు. దొరికింది. దొరికాక నేను కూర్చుని ఏడ్చాను. ఆ నెలలోనే కారు కొన్నాం.

మా ఆయనది మిరప వ్యవసాయం. కోతలు మొదలైతే చేను వదిలి రాలేరు. నేను అప్పటికి ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. వారానికి రెండు రోజులు సెలవు ఎవరిస్తారు? మానేశాను. డ్రైవింగ్ నేర్చుకున్నాను.

తాళాలు ఇచ్చిన రోజు షోరూమ్‌లో సేల్స్‌మన్ ఒక చిన్న పుస్తకం నా చేతిలో పెట్టాడు.

“పది వేల కిలోమీటర్లకో, ఏడాదికో, ఏది ముందొస్తే అప్పుడు సర్వీసు చేయించాలి మేడం. మా దగ్గరే చేయించండి. ఒక్కటి తప్పినా వారంటీ పోద్ది.”

మామూలు వారంటీ అయిపోయాక ఇంకో మూడేళ్లు పొడిగించే కాగితం కూడా ఆ రోజే కొనిపించాడు. మా ఆయనకు అదంతా దండగ అనిపించింది.

“ఆయిల్ మార్చడానికి గుంటూరెందుకే? మన ట్రాక్టరు మేస్త్రి గంటలో మారుస్తాడుగా.”

“ఎటూ గుంటూరు వెళ్తున్నాగా అండీ.”

అసలు కారణం ఆయనకు చెప్పలేదు. హైవే మీద లారీల మధ్య, వెనక సీట్లో పాపను కూర్చోబెట్టుకుని ఒక్కదాన్నే నడపాలంటే నాకు భయం. ఆ పుస్తకంలో వరసగా ముద్రలు పడుతుంటే, ఏదైనా జరిగితే అడగడానికి ఒకరున్నారని ధైర్యంగా ఉండేది. ఆ ధైర్యానికే అంత ఖర్చు పెట్టాను.

సర్వీసు రోజంటే మాకు ఒక రోజు పోయినట్టే. తెల్లారకముందే బయల్దేరి, ఊరి చివర సర్వీసు సెంటరులో కారు అప్పగించి, ఆటోలో బ్రాడీపేట వెళ్లేవాళ్లం. థెరపీ ముప్పావుగంట. మళ్లీ ఆటోలో వచ్చి, ఏసీ గదిలో సాయంత్రం నాలుగింటి దాకా కూర్చోవాలి. పాప పెరుగన్నం తిని నా ఒళ్లో పడుకునేది. మధ్యలో అక్కడ కార్ల సర్వీసు చూసే అడ్వైజర్ వచ్చి, ఏసీ శుభ్రం చేయించమనీ, బాడీకి పూత వేయించమనీ, ఇంకేవో రెండు మూడు పేర్లు చెప్పేవాడు. మొదట్లో ప్రతిదీ ఏమిటని అడిగి తెలుసుకునేదాన్ని. తర్వాత్తర్వాత వద్దని తల ఊపడానికి కూడా ఓపిక ఉండేది కాదు. కొన్నిటికి సరేననేశాను.

పాపకు నాలుగేళ్లు దాటాయి. కొత్త శబ్దం వినపడితే చెవి మీద చెయ్యి పెట్టి చూపించాలని థెరపిస్టు నేర్పింది. కుక్కర్ కూతకు పెట్టేది, ట్రాక్టరుకు పెట్టేది. ఒకరోజు మేదరమెట్ల దగ్గర హైవే దిగి అద్దంకి రోడ్డులోకి తిప్పుతుంటే వెనక నుంచి “అమ్మా, ఊఁ” అంది. అద్దంలో చూస్తే చెవి మీద చెయ్యి ఉంది. లారీ హారనేమో అనుకున్నాను. ఆ వారమే మళ్లీ, అదే మలుపులో, “ఊఁ”. ఇంటికొచ్చి కారు ఆపాక, ఇంజను ఆపకుండా, కిటికీలు ఎక్కించి, స్టీరింగ్ మెల్లగా తిప్పి చూశాను. స్టీరింగ్‌కే చెవి ఆనిస్తే అప్పుడు వినపడింది, సన్నగా ఒక మూలుగు. నాకు ముందు సంతోషమే వేసింది. నాకు తెలియని శబ్దాన్ని పాప నాకు చెప్పింది! థెరపిస్టుకు ఫోన్ చేసి మరీ చెప్పాను. కారుకు ఏదో అవుతోందన్న ఆలోచన ఆ తర్వాతెప్పుడో వచ్చింది.

మళ్లీ గుంటూరు వెళ్లినప్పుడు సర్వీసు సెంటరులో చెప్పాను. అడ్వైజర్ కుర్రాడు కారును ఆవరణలో ఒక చుట్టు తిప్పి తెచ్చాడు.

“నార్మలే మేడం. ఈ మోడల్‌కి కొంచెం ఉంటది.”

సరే అన్నాను. పాపకు ఆకలవుతోంది, ఎండ ముదురుతోంది. ఇంకేం అడగలేదు.

మా ఆయన మాత్రం ఊరుకోలేదు. అద్దంకిలో మసీదు వీధి మొదట్లో షెడ్డున్న మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లారు. మా ట్రాక్టరు ఆయన చేతి మీదే నడుస్తోంది. శుక్రవారం కావడంతో ఆయన చేతులు కడుక్కుని నమాజుకు వెళ్లబోతున్నాడు. ఆగి, కారెక్కి, స్టీరింగ్ అటూ ఇటూ తిప్పాడు. తర్వాత పాపను ముందు సీట్లో కూర్చోబెట్టి అడిగాడు.

“ఎక్కడ్రా బంగారం, ఎక్కడొస్తంది చప్పుడు?”

పాప స్టీరింగ్ కింద అరచెయ్యి ఆనించింది.

“అదే! బుడ్డది కరెక్టుగా చెప్పింది. స్టీరింగ్‌ని తేలిగ్గా తిప్పే మోటారు ఒకటుంటదమ్మా, అది పోబోతంది.”

“బాగుచెయ్యి మరి,” అన్నారు మా ఆయన.

“నేను విప్పనయ్యా. నా స్పానరు పడిందంటే ఇక వాళ్లు వారంటీ ఇవ్వరు. మోటారు కొత్తది ఎయ్యాలంటే చానా అవుద్ది. అమ్మా, ఈసారి నోటితో చెప్పి రాబాకండి. బండి తీసుకునేటప్పుడు వాళ్లు రాసే జాబ్ కార్డు మీద రాయించి రండి.”

పైసా తీసుకోకుండా టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. తర్వాతి సర్వీసు దగ్గర్లోనే ఉంది, అప్పుడు రాయిస్తే సరిపోతుందనుకున్నాను.

ఈలోగా పాపకు జ్వరం వచ్చింది. చెవి వెనక ఎర్రగా వాచింది. లోపల పెట్టిన మిషనుకు చీము పడితే తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు అన్న రోజు నేనెలా ఉన్నానో ఇప్పుడు రాయలేను. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాం. బట్టలకూ, అన్నానికీ, మందులకూ మా ఆయన రోజూ కారులో గుంటూరుకూ అద్దంకికీ మధ్య తిరిగారు. ఇంటికి పంపాక కూడా కట్టు మార్చడానికి ఎన్నోసార్లు వెళ్లాం. చీము పట్టలేదు, మిషను నిలిచింది. కిలోమీటర్లు ఎవరు చూస్తారు? పాప తేరుకున్నాక చూస్తే, సర్వీసు చేయించాల్సిన అంకె దాటి పద్నాలుగు వందలు అయ్యాయి.

మర్నాడే తీసుకెళ్లాను. సర్వీసు చేశారు, బిల్లు తీసుకున్నారు, పుస్తకంలో ముద్ర వేశారు. ఆలస్యమైందని ఒక్కరూ అనలేదు. స్టీరింగ్ మూలుగుతోందని జాబ్ కార్డు మీద రాయించాను. దాని కింద “పరిశీలించాం, లోపం లేదు” అని రాసిచ్చారు.

ఇరవై రోజులు గడిచాయి. మధ్యాహ్నం, గుంటూరు నుంచి తిరిగొస్తున్నాం, పాప నిద్రపోతోంది. మేదరమెట్ల మలుపులో స్టీరింగ్ ఒక్కసారిగా బిగుసుకుపోయింది. ఎదురుగా మీటరు పక్కన పసుపు రంగు దీపం వెలిగింది. రెండు చేతులతో, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగితే కారు సగం మాత్రం తిరిగింది. వెనక పత్తి లారీ హారను ఆపకుండా కొడుతోంది. ఎలా పక్కకు తెచ్చానో తెలియదు. మట్టిలోకి దిగి ఆగింది. దిగి వెనక తలుపు తీశాను. లారీ డ్రైవరు కూడా ఆపి వచ్చాడు, తిట్టడానికే వచ్చి ఉంటాడు. వెనక సీట్లో పాపను చూసి, తన నీళ్ల సీసా ఇచ్చి వెళ్లాడు.

బండి ఆగిపోతే సాయానికి ఫోన్ చెయ్యమని ఇచ్చిన నంబరుకు చేస్తే, కారును లాక్కెళ్లే బండి మూడు గంటల తర్వాత వచ్చింది. ఈలోగా మా ఆయన మోటారు సైకిలు మీద వచ్చారు. పాపను ఎత్తుకుని రోడ్డుకు దూరంగా తీసుకెళ్లారు. నన్ను తిట్టినా బాగుండేది, నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

రెండు రోజుల తర్వాత సర్వీసు సెంటరుకు వెళ్లాం. మోటారు పోయిందని వాళ్లే తేల్చారు. కానీ వారంటీ రాదన్నారు.

“ఒక సర్వీసు లేటైంది మేడం. వెయ్యి దాకా అయితే సిస్టం తీసుకుంటది. మీది పద్నాలుగు వందలు దాటింది.”

“ఆయిల్ మార్చడం ఆలస్యమైతే ఇంజను పాడవాలి. స్టీరింగ్ మోటారు ఎందుకు పాడవుద్ది?”

“మీరు చెప్పింది కరెక్టే మేడం. సిస్టం ఒప్పుకోదు.”

“సర్వీసుకు ముందు నుంచీ చప్పుడొస్తోందని చెప్పాను కదా!”

“అది మా దగ్గర రికార్డులో లేదు మేడం.”

“మొన్న కార్డు మీద రాయించాను.”

“అది లేటైన తర్వాతి కార్డు కదా మేడం.”

మేనేజరు వచ్చాడు, అవే మాటలు ఇంకా మెత్తగా చెప్పాడు. మా ఆయన గొంతు పెంచారు. గదిలో ఉన్నవాళ్లంతా మా వైపు తిరిగారు. పాప రెండు చేతులతో చెవులు మూసుకుంది. “పదండి, పోదాం,” అన్నాను ఆయనతో. నిజంగా పోదామనే అన్నాను, ఇక పోట్లాడే శక్తి లేదు.

బయట మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే, బిల్లుల బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి నీళ్లు పట్టుకునే వంకతో నా పక్కకు వచ్చింది.

“మేడం, పాప హాస్పిటల్ కాగితాలున్నాయా? డిశ్చార్జి చేసినప్పుడు ఇచ్చింది? ఎందుకు లేటైందో రాసి, అది జతచేసి కంపెనీకి మెయిల్ పెట్టండి. మాకు కాదు, నేరుగా కంపెనీకి. నేను చెప్పానని అనకండి.”

ఆ ఉత్తరం ఇంటికొచ్చి రాశాను. రాయడం కష్టం కాలేదు. డిశ్చార్జి కాగితాన్ని ఫోన్‌తో ఫొటో తీస్తుంటే మాత్రం చెయ్యి ఆగిపోయింది. పాప వయసు, బరువు, ఏ చెవి, ఏ రోజు ఎంత జ్వరం, అన్నీ దాని మీద ఉన్నాయి. ఆ తొమ్మిది రోజుల గురించి నేను మా అక్కకు కూడా సరిగా చెప్పలేదు. ఇప్పుడు ముక్కూమొహం తెలియని ఎవరికో, ఒక మోటారు కోసం పంపుతున్నాను. మా ఆయన వచ్చి ఫోన్ తీసుకుని, ఆయనే ఫొటో తీసి పంపారు.

జవాబు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ మళ్లీ బస్సులే. పాప తల చుట్టూ నా చున్నీ కట్టి, బిళ్ల మీద అరచెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చునేదాన్ని. దిగేసరికి భుజం లాగేసేది. చివరికి మెయిల్ వచ్చింది. ప్రత్యేక సందర్భంగా భావించి మోటారు ఉచితంగా వేస్తారు, కూలి మేం పెట్టుకోవాలి. గెలిచానని అనిపించలేదు. ఇల్లు ఊడ్చి పడుకున్నాను.

షోరూమ్ సర్వీసు దండగేనా అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఏం చెప్పను? ఆ వారంటీ లేకపోతే మోటారు ధర మొత్తం మా నెత్తిన పడేది, అది నిజం. ఆ వారంటీని నమ్ముకునే, పోబోతోందని తెలిసిన స్టీరింగ్‌తో పాపను హైవే మీద తిప్పాను, అదీ నిజమే. మేస్త్రి ఆ రోజు విప్పి ఉంటే ఏమయ్యేదని ఒకసారి ఆయన్నే అడిగాను. “నేనెయ్యగలను గానీ, ఆ సరుకు వాళ్ల దగ్గర తప్ప దొరకదమ్మా. ఎట్టా తిరిగినా వాళ్ల గుమ్మంలోకే పోవాల,” అన్నాడు. వారంటీ ఉన్నన్నాళ్లూ అక్కడికే వెళ్లాం. తేదీలు గోడ మీద రాసి, వారం ముందే వెళ్లేదాన్ని. వారంటీ అయిపోయాక ఆయిలూ బ్రేకులూ మేస్త్రి దగ్గరే. అక్కడ ఏసీ గది లేదు. స్టూలు మీద కూర్చుని ఆయన ఏం చేస్తున్నాడో చూస్తూ ఉంటాను, అంతే తేడా.

మోటారు వేసి కారు ఇచ్చిన మర్నాడు షోరూమ్ నుంచి ఫోన్ వచ్చింది. కళ్లంలో మిరపకాయలు తిరగేస్తున్నాం. గొంతు గుర్తుపట్టాను, మెట్ల దగ్గర మాట్లాడిన అమ్మాయే.

“మేడం, సర్వీసు ఎలా ఉందో కంపెనీ వాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. పదికి పది చెప్పండి మేడం, ప్లీజ్. తొమ్మిదన్నా మా జీతంలో కోస్తారు.”

“అక్కడ జరిగిందానికి పదెట్టా చెప్పమంటావమ్మా?”

“మీ ఇష్టం మేడం,” అంది.

సాయంత్రం కంపెనీ వాళ్లు ఫోన్ చేశారు. కారు సమయానికి ఇచ్చారా, శుభ్రంగా ఇచ్చారా, మర్యాదగా మాట్లాడారా అని వరసగా అడిగారు. కళ్లు మండుతున్నాయి, చేతులు మండుతున్నాయి. అన్నిటికీ పది అన్నాను.