లాగు ఊడిన వార్త

రెట్టింపు మామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. లోకంలో ఏది కంటపడినా "ఇది కూడికా, రెట్టింపా?" అని తేల్చుకోనిదే ఆయనకి ముద్ద దిగదు. కూడికైతే కాలు మీద కాలేసుకుని కూర్చుంటాడు. రెట్టింపైతే చెప్పులు కూడా తొడుక్కోకుండా పరిగెడతాడు.

ఈ రెండింటి మధ్యా నలిగిపోయింది మాత్రం అత్తయ్య.

"ఏమండీ, వంటింటి కుళాయి కారుతోంది. ఎవర్నైనా పిలవండి."

"నిన్నెంత కారింది?"

"బకెట్టు."

"ఇవాళ?"

"బకెట్టే!"

"చూశావా, రోజుకో బకెట్టు కలుస్తుందంతే. కూడిక! తొందరేం లేదు," అని మామయ్య పేపర్లో తల దూర్చేశాడు.

అదే మనిషి బావమరిది ఇంటికి భోజనానికి వెళ్ళి, అలమారులో ఒక్క చెదపురుగు కనబడేసరికి, బట్టలతో సహా అలమారుని వీధిలోకి ఈడ్చేశాడు.

"ఒక్క పురుగేగా బావా!" అన్నాడు బావమరిది, తన బనియన్లు రోడ్డు మీద ఏరుకుంటూ.

"ఇవాళ ఒకటి. ఆ తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది! కొన్నాళ్ళు పోతే వాటింట్లో నువ్వు అద్దెకుంటావు!"

ఆయన ఉద్యోగం ఈతకొలను చూసుకోవడం. గట్టున గోరంత నాచు కనబడితే చాలు, ఈదేవాళ్ళందర్నీ బయటికి తోలి బ్రష్షు పట్టేవాడు. "ఎంత ఉంటే మళ్ళీ అంత పుట్టిస్తుందండీ ఇది! గోరంతని కొండంత చేసేది మనుషులే అనుకున్నారా?"

ఒకరోజు పొద్దున కొలను గట్టు మీద రేడియో పిన్ని తన స్నేహితురాలి చెవిలో వేస్తోంది. వార్తలన్నీ ముందు ఈవిడ నోటే వెలువడతాయి కనక ఆ పేరు. "వీధి చివర కొత్తగా దుకాణం పెట్టిన దర్జీ పిల్ల గుడ్డ కొట్టేస్తోందే! నా జాకెట్టు ఒక్క ఉతుక్కే బిగుతైపోయింది. ఎవరితోనూ అనకు సుమా!"

పక్కనే నాచు గీకుతున్న మామయ్య చెవిన ఆ మాట పడింది. వేడినీళ్ళలో నానబెడితే ఆ గుడ్డ కుంచించుకుపోతుందని చెప్పబోయేలోగా స్నేహితురాలు గేటు దాటేసింది. ఈ మాట వీధంతా పాకితే ఆ పిల్ల దుకాణానికి తాళమే! వట్టికాళ్ళతో మందుల షాపుకి పరిగెత్తాడు.

"దర్జీ అమ్మాయి గురించి విన్నది అబద్ధమండీ!"

"ఏం విన్నారేమిటి?" అని షాపాయన కళ్ళు మెరిపిస్తూ కౌంటరు మీదికి వంగాడు.

మామయ్య నాలిక్కరుచుకుని మెట్ల మీద కూలబడ్డాడు. 'నేను ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ పోతే కూడిక. విన్న ప్రతివాళ్ళూ ఇంకో ఇద్దరికి చెబితే రెట్టింపు. కూడిక రెట్టింపునెప్పటికి అందుకుంటుంది?'

కాసేపాలోచించి, నేరుగా రేడియో పిన్ని దగ్గరికే వెళ్ళి చెవిలో ఏదో ఊదాడు.

సాయంత్రం అత్తయ్య కూరగాయలకి వెళితే జనం మొహాలు తిప్పుకుని ఒకటే నవ్వు. చివరికి దుకాణంవాడే ఆగలేక అడిగేశాడు: "మీవారు కొలన్లో దూకితే లాగు ఊడిపోయిందటగా అమ్మా! గాలి ట్యూబు చుట్టుకుని బయటికొచ్చారట!"

అత్తయ్య రుసరుసలాడుతూ ఇంటికొచ్చింది. "లాగు ఊడిందటగా?"

"నాకసలు ఈతే రాదు కదే, ఎలా దూకుతాను?"

"మరి ఎవడు పుట్టించాడీ కథ?"

"నేనే," అన్నాడు మామయ్య, జరిగిందంతా చెప్పి. "రెట్టింపుని రెట్టింపే దాటాలి. దానికి మరింత రుచైన మాట కావాలి. ఇంకొకళ్ళ పరువెందుకని నాదే వాడేశాను. ఇంతకీ ట్యూబు ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను తువ్వాలనే చెప్పాను!" అని మురిసిపోయాడు.

అత్తయ్య కిటికీలోంచి చూసింది. దర్జీ దుకాణంలో కొలతలిస్తున్నావిడ విరగబడి నవ్వుతోంది. దర్జీ పిల్లా నవ్వాపుకోలేక టేపు జారవిడిచేస్తోంది. గుడ్డ మాట ఎవరికీ గుర్తున్నట్టే లేదు.

అంతలో పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూసింది. "వదినా, అన్నయ్యగారి లాగు సంగతి నిజమేనా?"

అత్తయ్య ఒకసారి మొగుడి వంక చూసి, కొంగు బిగించి గోడ దగ్గరికి నడిచింది.

"నిజమే వదినా. కానీ అసలు సంగతి మీకెవరూ చెప్పినట్టు లేరు. ఆ లాగు మీద బాతు బొమ్మలున్నాయి."